పోలేరమ్మ పీపాలో పాతగుడ్డలు

పోలేరమ్మతో నాకు మొదట కుదిరింది స్నేహం కాదు, తగాదా. శ్రీకాళహస్తిలో మా ఇంటి వెనక గోడకు ఆనుకునే సునీల్‌కుమార్ ఇత్తడి గంటల షెడ్డు ఉంది. తిరుమల కొండ మీద అంగళ్ళలో అమ్మే చిన్న చిన్న గంటలకు మెరుపు పెట్టేది అక్కడే, పెట్టే మనిషి పోలేరమ్మ. సొంతూరు వడమాలపేట దగ్గర పల్లె. మొగుడు పోయాక ఇక్కడికి వచ్చి, ఇరవై రెండేళ్ళుగా ఆ ఒక్క షెడ్డులోనే పని చేస్తోంది.

ఇనప పీపాలో గంటలూ, నలగ్గొట్టిన వేరుశెనగ తొక్కలూ పోసి, మూత బిగించి మోటారు వేస్తే అది మూడు నాలుగు గంటలసేపు దొర్లుతుంది. తొక్కల రాపిడికి గంటలు మెరుస్తాయి, తొక్కలు మాత్రం పిండైపోతాయి. మూత తీయగానే లేచే దుమ్ము షెడ్డంతా కమ్మి, గోడ దాటి, నేను ఆరేసుకున్న కలంకారీ బట్టల మీద వాలేది. బొమ్మ గీసే ముందు కరక్కాయా పాలూ పట్టించిన బట్ట తడిగా ఉన్నప్పుడు దానికి ఏది అంటుకున్నా ఊడిరాదు. ఒక పూట ఆరేసిన గుడ్డంతా అలా పాడైతే, షెడ్డులోకి వెళ్ళి నోటికొచ్చినట్టు తిట్టాను. నా నోరు మంచిది కాదని మా వీధి మొత్తానికీ తెలుసు.

ఆవిడ బదులు చెప్పాలని నోరు తెరిచింది. మాటకు బదులు దగ్గు వచ్చింది. దగ్గి దగ్గి గోడ పట్టుకుని కూలబడింది. కాస్త తేరుకున్నాక, "నీ గుడ్డ మింద పడింది కనపడతాదమ్మా. నా లోపల పడింది యాడ కనపడతాది?" అంది. దెప్పినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్ళు ఆ దుమ్ము మింగిన మనిషి ముందు నిలబడి నేను గుడ్డ కోసం గొంతు చించుకున్నాను.

ఆ వారమే ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ఐశ్వర్య ఎక్స్‌రే చూసి సూటిగా చెప్పింది. దుమ్మైనా పోవాలి, పోలేరమ్మైనా షెడ్డు వదిలిపోవాలి. లేకపోతే ఏడాది తిరిగేసరికి నాలుగు మెట్లు కూడా ఎక్కలేకపోతుంది.

"పీపా ఇడిసిపెట్టి ఏం సేసేది పంకజా? నాకు సేతనైంది ఇదొకటే," అంది తిరిగొస్తూ. మూతికి గుడ్డ కట్టుకోమన్నాను. ఉన్న ఊపిరే చాలడం లేదు, దానికి అడ్డం గుడ్డ కూడానా అంది.

ఇల్లు తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము లేవదు కదా, పీపాలోనూ తడిగుడ్డలు వేస్తే? ఆ ఆలోచన నాదే, ఆ తర్వాత జరిగిన తప్పూ నాదే. పాడైన నా కరక్కాయ గుడ్డనే పీలికలు చింపి, తడిపి, పిండి ఇచ్చాను. మధ్యాహ్నం మూత తీస్తే దుమ్ము లేవలేదు! అంతా పీలికలకే పట్టుకుంది. పోలేరమ్మ పీపాకు దణ్ణం పెట్టినంత పని చేసి, లోపల చెయ్యి పెట్టి ఒక గంట తీసింది. నల్లగా ఉంది. ఇంకొకటి తీసింది. అదీ నలుపే.

నెత్తి కొట్టుకున్నాను. కరక్కాయ పట్టించిన గుడ్డకు ఇనుము నీళ్ళు తగిలితే నలుపు పుడుతుంది. తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ కుండలో నానబెట్టి, ఇన్నేళ్ళుగా నేను గీసే నల్లగీత అదే కదా! తుప్పు పట్టిన పీపాలోకి నా చేత్తో నేనే రంగు కలిపి పంపాను.

"గంటలకు గూడా కలంకారీ ఏసినావా పంకజా?" అని పోలేరమ్మ నవ్వింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. రెండు రోజులు ఇద్దరం చింతపండు పెట్టి ఆ గంటలు తోమాం.

ఆ తర్వాత ఉతికి ఉతికి వెలిసిపోయిన పాత పంచెలు తెచ్చాం. తడి ఎక్కువైతే తొక్కలు ముద్దకట్టి గంటల్లో ఇరుక్కునేవి, తక్కువైతే మళ్ళీ దుమ్మే. చివరికి పోలేరమ్మే పట్టేసింది. గట్టిగా పిండి నీడన ఆరేసి, చేతికి చల్లదనం మాత్రం తగిలేటప్పుడు పీలికలు వేయాలి. ప్రతి వాయికీ మార్చాలి. మోటారు ఆపాక కాసేపు ఆగి మూత తీయాలి. గంటలు తళతళలాడాయి, గాలి గాలిలా ఉంది.

సునీల్‌కుమార్ చూసి తెగ సంబరపడ్డాడు. "అక్కా, ఈ సంగతి పక్క షెడ్లోళ్ళకు తెలియనియ్యొద్దు. కొండమింద అంగళ్ళోళ్ళంతా మనకాడికే వస్తారు," అన్నాడు. పోలేరమ్మ "సరే నాయనా" అంది. నాకు ఒళ్ళు మండింది గానీ ఎలాగో నోరు అదుపులో పెట్టుకున్నాను.

నెల తర్వాత మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఇకమీదట జబ్బు ముదరకపోవచ్చట. పోయింది మాత్రం తిరిగి రాదట. పోలేరమ్మ తలూపి లేచింది. మా వీధి మొదట్లో ఆటో దిగాక ఇంటివైపు కాకుండా పక్క సందులోకి తిరిగింది.

"యాడికక్కా?"

"జయంతి కాడికి." ఆ సందు చివరి షెడ్డులో ఏడాది కిందట పనిలో చేరిన అమ్మాయి జయంతి.

"సునీల్‌కు సరే అన్నావు గదా?"

"అన్నాను. మాట తప్పినానని రేపు పొద్దన్నే నేనే సెప్తా."

అయిదు నిమిషాల దారి. రెండుచోట్ల నా భుజం పట్టుకుని ఆగింది. మేం గుమ్మం చేరేసరికి జయంతి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పీపా మూత అప్పుడే ఎత్తుతోంది. దుమ్ము గుప్పున లేచింది. పోలేరమ్మకు ఊపిరి అందలేదు. గుమ్మం పట్టుకుని, చెయ్యెత్తి ఆపింది.

"మూత ముయ్యి పాపా," అంది కాసేపటికి. "నీ ఊపిరింకా నీకాడనే ఉండాది."

జయంతి దగ్గుతూనే మూత వేసింది.