అవ్వ వాపసు తీసుకున్న మనవి

మొన్న సరుకు దింపే రేవులో మా ఓడ మూతలు తెరిచినప్పుడు, సన్నటి తుంపరకు తడిసిన ఇనుపరాయి వాసన గుప్పున ముఖానికి కొట్టింది. పక్కనున్నవాళ్ళు ముక్కు మూసుకుంటే, నేను మాత్రం ఒళ్ళంతా ముక్కు చేసుకుని నిలబడ్డాను. అది బళ్ళారి పక్క మా యశ్వంతనగర్ తొలకరి వాసన.

కొండల కింద మా ఊళ్ళో మన్ను ఎరుపు, ఆకులు ఎరుపు, పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఎరుపు. ఎండాకాలం లారీల వెనక లేచే దుమ్ము అన్నంలో పడకుండా అవ్వ గిన్నె మీద చేట బోర్లించేది; వాన పడితే వాకిట్లో ఎర్రకాలువలు పారేవి; మేము ఇనుపరాయి ముక్కతోనే అరుగు మీద గీతలు గీసి తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం; క్రిస్మస్ దగ్గరపడితే ప్రతి ఇంట్లో కజ్జికాయలు వేగే కమ్మటి వాసన ఆ దుమ్మును కూడా గెలిచేది. నాయన రైలు డబ్బాల్లో రాయి నింపే చోట పని చేసేవాడు. ఇదంతా యాడికి పోతాదని అడిగితే, "రేవుకు పోతాది, ఆన్నుంచి ఓడెక్కి దేశాలు తిరుగుతాది. మన ఊరి మన్నుకుండే యోగం మనకు యాడుందిలే" అని నవ్వేవాడు. ఆ మన్నును చూస్తే నాకు కుళ్ళుగా ఉండేది.

నేను నడక నేర్వకముందే అమ్మ పోయింది. నన్ను సాకింది నాయన తల్లి, మరియమ్మవ్వ. మిషను ఆసుపత్రిలో తెల్లబట్టల నర్సమ్మలను చూసి మనసు పారేసుకున్న మనిషి. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆడవాళ్ళంతా చాప మీద కూర్చుని ఒక్కొక్కరే తమ మనవి చెప్పేవారు. ఒకరి మనవిని మిగతా అందరూ ఇంటికి పోయాక కూడా తమ ప్రార్థనలో మోయాలి, అది మా సంఘం పద్ధతి. అవ్వ మనవి ఎప్పుడూ ఒకటే, మా ఎస్తేరు నర్సు కావాలని. ఉపవాసం విడిచి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తింటూ కూడా వాళ్ళు నన్ను "ఏం నర్సమ్మా" అనే పిలిచేవారు. బజ్జీ గొంతు దిగేది కాదంటే అబద్ధం, బాగానే దిగేది. మనసు మాత్రం చివుక్కుమనేది.

బళ్ళారిలో పీయూసీ, అంటే ఇంటరు, చదువుతూ ఓడ నడిపే చదువుకు పరీక్ష రాశాను. నాయనొక్కడికే తెలుసు. సీటు వచ్చిందని ఫోన్‌లో చూసుకున్న సాయంత్రం, బస్సు దిగి పరిగెత్తుకొచ్చి చెబితే, బియ్యం చెరుగుతున్న అవ్వ చెయ్యి ఆగిపోయింది.

"ఏంది, ఓడలోనా? సుమ్నె ఉండు పాపా, ఊరకుండు. ఇంతమంది నోట దేవుణ్ణి నర్సు సీటు అడిగించినా. ఇప్పుడు ఏ మొగం పెట్టుకుని వద్దనేది?"

మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయందే ఎవరూ దూరం పోరు. అవ్వ చెయ్యి పెడితేనే పంపిస్తానన్నాడు నాయన కూడా. నా సముద్రమంతా ఒక ముసలి అరచేతి దగ్గర ఆగిపోయింది. అలిగాను, అన్నం మానేశాను, అవ్వ కరగలేదు.

గురువారం జడ వేస్తూ అడిగింది. "నర్సు కావాలని నీకెప్పుడన్నా అనిపించెనా?"

"లేదవ్వా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వెప్పుడు అడిగినావు?"

అవ్వ జడ చివరిదాకా అల్లింది.

మరునాడు ప్రార్థనలో తన వంతు రాగానే లేచి నిలబడింది. "అక్కల్లారా, ఇన్నేండ్లు మీతో మోయించిన మనవి నాది, పిల్లది కాదు. దాన్ని అడగకనే చెప్పినా. ఇప్పుడు వాపసు తీసుకుంటాండా. దానికి ఓడ కావాలంట. ఇంక దాన్నే మోయండమ్మా."

చాప మీదున్న వాళ్ళెవరూ సముద్రం చూసినవాళ్ళు కారు. అయినా ఒకామె తుఫానులు ఆగాలని, ఇంకొకామె ఓడలో ఉగ్గాని దొరకాలని మొదలుపెట్టారు. నవ్వు ఆపుకోలేక కళ్ళు గట్టిగా మూసుకున్నాను. అప్పుడు అవ్వ చెయ్యి నా తల మీద పడింది. నవ్వు కాస్తా వెక్కిళ్ళయింది.

ఇప్పుడు అవ్వ లేదు. ఇనుపరాయి గనుల్లో పని తగ్గాక మా వరసలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి, చాప మీద కూర్చున్నవాళ్ళు బళ్ళారిలో జీన్స్ ఉతికే యూనిట్లకు పనికి పోయారు, అరుగుల మీద గీతలు గీసే పిల్లలు లేరు. శుక్రవారం మనవులు ఫోన్ గ్రూపులో వస్తాయి. ఓడకు సిగ్నల్ అందిన చోట వరసగా వింటాను. పోయిన వారం ఒక తల్లి గొంతు వినబడింది. "మా పాప పది పాసయిందక్కా. దానికేం సీటు రావాలని మనవి చెప్పల్లంటే... ఉండండి, ముందు దాన్ని అడిగొస్తా."