నర్సయ్య వేసుకున్న రెండో గోలీ

2023లో నేను బహ్రెయిన్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ క్లినిక్‌లో నర్సును. క్లినిక్ అంటే లేబర్ క్యాంపు గేటు పక్కన రెండు గదులు. డాక్టరుగారు వారానికి మూడు రోజులు వచ్చేవారు. మిగతా రోజులు నేనొక్కదాన్నే. మా ఆయన పోయి అప్పటికి ఏడు నెలలు. ఇంట్లో మాట్లాడే మనిషి లేక, డ్యూటీలో కూడా అవసరమైనంత వరకే మాట్లాడే అలవాటు పడింది.

నర్సయ్యది నిజామాబాద్ వైపు. అమ్వాజ్ దీవుల్లో స్కాఫోల్డింగ్ పని, అంటే కట్టడం చుట్టూ ఇనుప పైపులతో పరంజా కట్టడం. అప్పటికి రెండు నెలల కిందట కొలెస్ట్రాల్ ఎక్కువుందని డాక్టరుగారు అతనికి అటోర్వాస్టాటిన్ రాశారు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో అదొకటి.

ఒక ఉదయం అతని రూమ్మేటు పోశెట్టి అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"నాలుగో అంతస్తుల పైపు పట్టుకొని కండ్లు మూసిండక్కా. ఏమైందిరా అంటే దేవునికి మొక్కుతున్న అన్నడు. గక్కడ మొక్కుడేందని కిందికి దించిన."

"జరంత తల తిరిగింది, అంతే," అన్నాడు నర్సయ్య. "రాయకు అక్కా. రాస్తే పైకి ఎక్కనియ్యరు, ఇంటికి తోలుతరు."

అతని భయం నిజమే. కానీ మళ్లీ అక్కడే తల తిరిగితే, ఈసారి పైపు చేతికి అందకపోవచ్చు. రిజిస్టరులో రాశాను. నా వైపు చూడటం మానేశాడు.

కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశాను. షుగర్ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. స్టాటిన్ వాడే కొందరికి తల తిరగవచ్చు. అయినా అదే కారణమనుకునే ముందు మిగతావి అడగాలి.

"ఇంకేమైనా మందులు వాడుతున్నావా?"

"ఏం లెవ్వు."

పోశెట్టి నవ్వాడు. "ఏం లెవ్వా? రోజు మాపటికి నీ పెండ్లానికి ఫోన్ల నాలుక సాపి చూపెడ్తవు, అదేంది మరి?"

"అది ఇంటిది," అన్నాడు నర్సయ్య. "మందు కాదు."

సెలవులో ఊరికి వెళ్లినప్పుడు అక్కడి డాక్టరు రాసిన గోలీ అది. ఊరి నుంచి ఎవరొచ్చినా భార్య గంగమణి వాళ్ల సంచిలో పెట్టి పంపుతోంది. వీడియో కాల్‌లో ఎదురుగా మింగిస్తుంది. ఇక్కడిది కొవ్వుకు, ఇంటిది గుండెకు అనుకున్నాడట. ఆ గోలీల షీటు తెప్పించి చూశాను. పేరు వేరు, కింద చిన్న అక్షరాల్లో అదే అటోర్వాస్టాటిన్. మొదటిసారి మందు ఇచ్చిన రోజు కూడా నేను ఇదే ప్రశ్న అడిగాను, లేదన్నాడు, టిక్కు పెట్టుకున్నాను. తప్పు నాది కూడా.

డాక్టరుగారికి ఫోన్ చేశాను. "దీనివల్లే అని ఖాయంగా చెప్పలేం. రెండూ ఆపి చూద్దాం. మూడు వారాలు కిందే పని," అన్నారు.

నర్సయ్య ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. "గంగమణికి నేను చెప్పలేనక్కా."

నేనే చెప్పాను. ఆమె అంతా విని, "పానం మంచిగుంటదా?" అంది. ఉంటుందన్నాను. "మరి రోజు ఏమని ఫోన్ చెయ్యాలె అక్కా?" అని అడిగింది.

"ఏం తిన్నాడో అడుగు."

"అడుగుతనే ఉంట. పప్పు అంటడు. ఇంకేం అనడు."

మా ఆయన పోయిన ఆ ఏడు నెలల్లో, తిన్నావా, గోలీ వేసుకున్నావా అని నాకూ ఎవరూ గుర్తుచేయలేదు.

మూడు వారాలకు తల తిరగడం పోయింది. డాక్టరుగారు తక్కువ డోసులో ఒక్క గోలీ మొదలుపెట్టి, మళ్లీ చూసి, పైకి ఎక్కవచ్చని ఫిట్‌నెస్ కాగితం ఇచ్చారు. ఆ మందు ఏ పూటైనా వేసుకోవచ్చు. కవరు మీద నేను 'సాయంత్రం, ఫోన్ చేసినప్పుడు' అని రాసిచ్చాను.

అప్పటి నుంచి ఏ మందులు వాడుతున్నావని ఎవరినీ అడగను. ఇంటి నుంచి ఏమొచ్చిందని అడుగుతాను. చాలామంది మందు పేరు చెప్పరు. ముందు ఎవరు పంపారో చెబుతారు. ఆ మాట పూర్తయ్యేదాకా కలం కింద పెట్టి వింటాను.