పలకల ఫ్యాక్టరీలో మీటర్లు కలిపిన మనిషి

మార్కాపురంలో గిద్దలూరు బస్సెక్కాను. నా పక్కన యాభై ఏళ్లాయన, ఒళ్లో మెలేసిన రెండు తీగల వైరు చుట్ట పెట్టుకుని కూర్చున్నాడు. అదెందుకని అడిగాను.

“పలకల ఫ్యాక్టరీలో కరెంటు మీటర్లన్నీ ఒకే లైనుకు కలిపినాను సార్. ఆర్ఎస్ ఫోర్ ఎయిటీ ఫైవ్ అంటారు. ఈ రెండు తీగల మీదనే అన్ని మీటర్ల రీడింగూ ఆఫీసు కంప్యూటర్‌కు పోతాది.”

ఇన్నాళ్లూ ఆయన మీటరు దగ్గర వైరు బిగిస్తుంటే, భార్య కంప్యూటర్ ముందు కూర్చుని రీడింగ్ వచ్చిందో లేదో కేకేసి చెప్పేదట. రెండు నెలల క్రితం ఆమె జ్వరంతో చనిపోయింది. ఆ తర్వాత ఇదే మొదటి పని.

“ఒక్కో మీటరూ బిగించి, ఆఫీసు దాకా పోయి చూసుకుని, మళ్ల వచ్చినాను. ఆఖరు మీటరు కాడ మర్చిపోయినాను సార్. ‘ఏమే, వచ్చిందా?’ అని అరిచినాను.”

“అయ్యో!”

“పనోళ్లంతా నా దిక్కే చూసినారు. పోయి చూస్తే రీడింగ్ వచ్చే ఉంది. చెప్పే మనిషే లేదు.”

కంభంలో చుట్ట భుజానేసుకుని దిగిపోయాడు.

ఇప్పుడు పక్క గదిలోంచి నా భార్య పిలిస్తే, రెండోసారి పిలిచేదాకా ఆగడం లేదు.