నడుం వంగిన బండి

డ్రాయింగ్ టీచరుగారి పాత కారు షెడ్డుకి తన చక్రాల మీద రాలేదు, లారీ ఎక్కి వచ్చింది. తాళ్ళు కట్టి దింపుతుంటే వెనక చక్రం పైనున్న రేకు పెళ్ళలా ఊడి, నేల మీద పడి పొడి పొడి అయింది. టీచరుగారు వంగి ఆ పొడిని చేతిలోకి తీసుకున్నారు. తీసుకున్నాక ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డారు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ బడికి ఆ కారులోనే వెళ్ళారు. తర్వాత మోకాళ్ళ నొప్పులొచ్చి, దాన్ని ఇంటి పక్కన టార్పాలిన్ కప్పి ఉంచారు. కప్పితే భద్రం అనుకున్నారు. కప్పిన గుడ్డ కిందే తేమ చేరి బండిని తినేసింది. ఇప్పుడు మోకాళ్ళకి ఆపరేషన్ అయింది. మళ్ళీ నడపాలని ఆవిడ కోరిక.

షెడ్డు యజమాని ముసలి టింకరు, బండ్ల రేకులు సాపు చేసి అతికే మనిషి. నల్లద్దాలు లేకుండా ఏళ్ళ తరబడి వెల్డింగు మంట చూసి చూసి ఆయన కళ్ళకు ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనవు. కారు చుట్టూ తిరిగి చేత్తో తడిమాడు. తలుపు కింద బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగిపోయింది.

"ఇది కారు కాదు తల్లీ, జల్లెడ. పిండి జల్లించుకోండి."

ఆ వీధిలో మిగతా షెడ్లవాళ్ళు ఇంత సరదాగా చెప్పలేదు గానీ, చెప్పింది ఇదే. టీచరుగారు లారీ డ్రైవరు వైపు చూశారు, మళ్ళీ ఎక్కించమన్నట్టు.

"వదిలేసి వెళ్ళండి టీచరుగారూ. నేను చేస్తాను."

ముసలాయన కోడలు లోపల్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏం చేస్తావమ్మా? చెయ్యడానికి అందులో రేకేదీ?"

"లేదు కాబట్టే చేస్తానంటున్నా మామయ్యా."

వీధిలో ఆమెను టింకరమ్మ అంటారు. ఆ పేరు ఎగతాళిగా పుట్టి, వాడగా వాడగా మామూలు పేరైపోయింది. ఆమె భర్త బస్సు నడుపుతాడు. రేకుల చప్పుడు వింటే తలనొప్పి అని చిన్నప్పుడే షెడ్డు వదిలిపెట్టిన మనిషి. పెళ్ళైన కొత్తలో ఓ రోజు పనివాడు రాలేదు. మామగారికి టీ ఇవ్వడానికి వచ్చిన కోడలు, ఆయన ఒంటరిగా తంటాలు పడుతుంటే రేకు రెండో కొస పట్టుకుంది. మళ్ళీ వదల్లేదు. సుత్తి దెబ్బ ఎక్కడ పడాలో, మంట ఎంత దూరంలో ఆగాలో ఆయన దగ్గరే నేర్చుకుంది. సొట్టను కంటితో చూడటం కంటే, అరచేతికి పాత నూలుగుడ్డ చుట్టుకుని కళ్ళు మూసుకుని తడమడమే ఆమెకు నమ్మకం. ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు ఆవగింజల్లా ఉంటాయి.

ఇన్నేళ్ళూ ఆమె చేసిన ప్రతి పనీ ఆయన సరే అన్నాకే మొదలైంది. ఆయన కాదన్న బండిని తీసుకోవడం ఇదే మొదలు. ఇది నిలబడకపోతే ఆయన మాటే నిలుస్తుంది, ఆమె మళ్ళీ రెండో కొస పట్టుకునే మనిషే అవుతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

ముందు తుప్పంతా గీకింది. గీకుతుంటే కారు సగమైంది. మిగిలిన గట్టి రేకు అంచుదాకా కోసి, అట్టముక్కలతో కొలత తీసి, కొత్త రేకు కత్తిరించి, చెక్కదిమ్మ మీద పెట్టి వంపు తిప్పింది. కూర్చునే చోటు కింద నేలంతా కొత్తదైంది.

రంగులు వేసే మరిది పక్క గదిలోంచి వచ్చి పోతూ మూలిగేవాడు.

"వదినా, ఇంత నున్నగా చేస్తే నేనెలా బతకాలి? నా పుట్టీ డబ్బాలు గడ్డకట్టి చస్తున్నాయి."

"మొహానికి రాసుకో. గుంటలు పూడతాయి."

"అన్నయ్య పెళ్ళిచూపులకి మీ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు నోరు విప్పలేదట. అక్కడే మోసపోయాం."

ఇక మిగిలింది తలుపుల కింద బండి పొడవునా సాగే పెట్టెలాంటి పట్టీ. కారు బరువంతా దాని మీదే నిలుస్తుంది. ఆమె తప్పు చేసింది ఇక్కడే. తలుపుల రేకు మాత్రం బాగుంది, వాటి మీద నిప్పురవ్వలు పడి పాడవుతాయని రెండు తలుపులూ విప్పి, గుడ్డ చుట్టి మూల పెట్టింది. బండిని ముందొకచోట, వెనకొకచోట దిమ్మల మీద నిలిపి పాత పట్టీ కోసేసింది. కొత్తది అతికింది.

అతుకు ఎంత బాగా వచ్చిందంటే పక్క షెడ్డు టింకరు కూడా పని ఆపి వచ్చి చూశాడు. ముసలాయన ఆ పొడవునా చెయ్యి జరిపాడు.

"ఏదమ్మా అతుకు?"

"మీ చెయ్యి కిందే ఉంది మామయ్యా."

ఆయన మళ్ళీ జరిపి చూశాడు. "సరే, తలుపు పెట్టు" అన్నాడు.

పెట్టారు. తలుపు పైన గీరుకుని ఆగిపోయింది. ముసలాయన సందులో చెయ్యి పెట్టాడు. పైన గోరు దూరలేదు, కింద వేలు దూరింది.

"నడుం వంగింది."

పట్టీ లేని కాసేపట్లో నడిమి భాగం తన బరువుకి తనే కిందికి జారింది. జారిన బండికి ఆమె కొత్త పట్టీని అందంగా అతికేసింది. తలుపులు ఉంచి ఉంటే సందు మారడం అప్పుడే కనపడేది.

"దీనికింత దిగులెందుకు వదినా?" అన్నాడు మరిది. "పైన అంచు కాస్త అరగదియ్యి. కింద పుట్టీతో మందం పెంచుతా. రంగు పడ్డాక బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు."

ఆమె మామగారి వైపు తిరిగింది. "మీరేమంటారు?"

"నేననాల్సింది ఎప్పుడో అన్నాను. జల్లెడ అన్నాను."

ఆ పూట ఇంట్లో ఆమె అన్నం కెలుకుతూ కూర్చుంటే భర్త సంగతి అడిగి తెలుసుకున్నాడు.

"మా బస్సు తలుపు ఏనాడైనా సరిగ్గా పడిందా? జనం ఎక్కడం లేదూ?"

"అందుకే నేనెక్కను."

"సరే, ఎక్కొద్దు. ఆ ముద్ద మాత్రం తిను. పొద్దున్నే కొయ్యాలిగా?"

కోస్తానని ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు. అతని మొహంలోకి చూసి, ముద్ద నోట్లో పెట్టుకుంది.

మర్నాడు రేకు కోసే గ్రైండరు కొత్త పట్టీ మీద నిప్పులు కక్కుతుండగా టీచరుగారు వచ్చారు. చూసి హడలిపోయారు.

"అయ్యో, ఇది కూడా తుప్పు పట్టిందా?"

ఆమె గ్రైండరు ఆపి, కళ్ళద్దాలు నుదుటి మీదికి జరిపింది. మరిది వెనకనుంచి వద్దని సైగ చేస్తూనే ఉన్నాడు.

"తుప్పు కాదు టీచరుగారూ, నా తప్పు. వంకరగా అతికాను. తలుపు పడలేదు."

టీచరుగారు వంగి ఆ కోతను చూశారు. "మా బళ్ళో పిల్లలు గీత వంకరపోతే దాని మీదే లావుగా ఇంకో గీత గీసేవాళ్ళు" అన్నారు.

"మా మరిదీ అదే గీయమన్నాడు."

"నేనేమన్నాను, నన్నెందుకు లాగుతావ్?" అని మరిది లోపలికి జారుకున్నాడు. టీచరుగారు స్టూలు లాక్కుని కూర్చున్నారు.

ఈసారి తలుపు ఉండగానే పని. పట్టీ రెండు కొసలూ విడిపించి, నడుం కింద చెక్క పెట్టి జాకీ ఆనించింది. ఒకరు తిప్పాలి, ఒకరు సందు చూడాలి. మరిదిని కేకేసేలోపే ముసలాయన వచ్చి నేల మీద కూర్చుని, తలుపు సందులో గోరు పెట్టాడు. రమ్మని ఆమె అడగలేదు.

"ఊఁ, ఇంకాస్త" అన్నాడు. ఆమె తిప్పింది. "ఇంకాస్త... నెమ్మదమ్మా, చపాతీ పిండా అది? ఆఁ... ఆగు!"

ఆగింది. అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క వెల్డింగు పెడుతూ, రేకు వేడికి వంగకుండా ప్రతి చుక్కనీ తడిగుడ్డతో చల్లార్చుతూ వచ్చింది. ప్రతిసారీ తలుపు వేసి చూసింది. ఒకసారి పట్టేసింది. ఆ చుక్క తీసేసి మళ్ళీ పెట్టింది. చివరికి జాకీ దింపి, బండి తన బరువు తను మోసుకుంటున్నప్పుడు, తలుపుని చేత్తో తోసింది. అది వెళ్ళి మెత్తగా 'టక్' మని పడింది. సందు పైనా కిందా ఒకటే.

మరిది వచ్చి తలుపు తీశాడు, వేశాడు, మళ్ళీ తీశాడు.

"అరగ్గొట్టకురా!" అని ముసలాయన కసిరాడు. ఆ తర్వాత కాసేపు తనే తీసి వేశాడు.

రంగు పడి, అద్దాలు బిగించాక టీచరుగారు తనే నడుపుకుంటూ వెళ్ళారు. మలుపు దగ్గర అవసరం లేకపోయినా హారన్ కొట్టారు. టింకరమ్మ రోడ్డు మీదే నిలబడి బండి కనుమరుగయ్యేదాకా చూసింది. ఆ బండి లోపల ఎక్కడ ఏ అతుకుందో ఆమెకు కంఠతా వచ్చు. బయటినుంచి చూసేవాళ్ళకు ఒక్కటీ కనపడదు. ఆమెకు కావలసింది అదే.

లోపలికి వచ్చేసరికి ముసలాయన పక్క షెడ్డు టింకరుని పట్టుకుని గొంతెత్తి చెబుతున్నాడు. మెచ్చుకోలు ఆయన ఎప్పుడూ ఆమె మొహం మీద అనడు. ఆమెకు వినపడేంత గట్టిగా పక్కవాళ్ళతో అంటాడు.

"మా కోడలు తలుపులు విప్పేసి కోసిందయ్యా! బండి నడుం వంగిపోయింది. ఇక చూస్కో..."

ఆమె మొహం ఎర్రబడింది. "మామయ్యా, ఆ తప్పు సంగతి ఊరంతా చెప్పాలా?"

"తప్పు చెప్పకపోతే నువ్వు దిద్దింది ఎలా చెప్పేదమ్మా? ఉండు, మధ్యలో రాకు." మళ్ళీ పక్కవాడి వైపు తిరిగాడు. "జాకీ పెట్టి, ఒక్క ఊపులో లేపేసింది నడుం!"

ఆమె సుత్తి అందుకుంటూ లోపల్నుంచే అరిచింది.

"ఒక్క ఊపులో కాదు మామయ్యా! కొంచెం కొంచెంగా! అలా చెబితే ఆయన రేపు అలాగే చేస్తాడు!"