పక్కకు తిప్పుకున్న ముఖాలు

దర్జీ పనిలో మనిషికి చాలా దగ్గరగా నిలబడాలి. మెడ కొలత తీయాలంటే టేపును వెనక నుంచి తెచ్చి గొంతు దగ్గర కలపాలి. అప్పుడు నా ముఖానికీ ఎదుటివాడి ముఖానికీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. వరంగల్‌లో నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. పోయిన రంజాన్‌కు కొంచెం ముందు నుంచి, నేను టేపు చుట్టగానే జనం ముఖం పక్కకు తిప్పుకోవడం మొదలుపెట్టారు. మెడ తిరిగితే కొలత తప్పుతుంది. "జర సీదా నిలబడు బిడ్డా, రేపు కాలర్ బిగుసుకపోతె మళ్ల నన్నే అంటవ్" అని కసిరేవాణ్ణి. ఈ కాలం పిల్లలకు పొగరెక్కువ అనుకున్నాను తప్ప ఇంకో ఆలోచనే రాలేదు.

నా భార్య చనిపోయి అప్పటికి మూడేళ్లు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో నాతో మాట్లాడేది టీవీ ఒక్కటే, దానికీ నేను తిరిగి జవాబు చెబుతుంటాను. రోజు మొత్తంలో నాతో కూర్చుని నాలుగు మాటలు మాట్లాడే మనిషి ఒకే ఒక్కడు, మా పక్క దుకాణం అన్న. గుండీలు, దారాలు, లైనింగ్ బట్ట అమ్ముతాడు. రోజూ నెక్కొండ నుంచి పొద్దుటి రైల్లో వస్తాడు. నా కంటే రెండేళ్లు పెద్ద. నా భార్యను చెల్లె అని పిలిచేవాడు. ముప్ఫై ఏళ్లుగా పదకొండింటికి నా బల్ల మీదే, నా పక్కనే కూర్చుని చాయ్ తాగేవాడు.

ఆ అన్న కూడా రంజాన్ తరవాత గడప మీదికి జరిగాడు. లోపలికి రమ్మంటే, "ఈడ గాలి మంచిగొస్తాంది భాయ్" అనేవాడు. ఆ గడప మీద గాలి కాదు, బండ్ల పొగ వస్తుంది.

నా నోరు ఎండిపోతోందని నాకూ తెలుసు. నాలుక అంగిటికి అంటుకునేది. కానీ రోజా ఉన్నవాడి నోరు ఎండక ఏమవుతుంది? వాసన వస్తుందేమోనన్న అనుమానం వచ్చినా పట్టించుకోలేదు, ఉపవాసి నోటి వాసన అల్లాకు ఇష్టమని చిన్నప్పటి నుంచీ విన్నవాణ్ణి. పండగ అయ్యాక ఆరు రోజాలు ఉన్నాను. ఆ తరవాత ప్రతి సోమవారం, గురువారం రోజా పట్టుకున్నాను. అందరూ భక్తి అన్నారు. నిజం చెప్పాలంటే అందులో సగం బద్ధకం. ఒక్కడి కోసం పొయ్యి వెలిగించడం నాకు నచ్చదు. పొద్దు గూకాక కుండలో సగం నీళ్లు తాగేసేవాణ్ణి. ప్యాంట్లు వదులైతే నా చేత్తో నేనే రెండుసార్లు నడుము కుట్టి తగ్గించుకున్నాను. అదే వేరేవాళ్ల నడుము అంత తగ్గితే "ఏమైందయ్యా, దవాఖానకు పోయినవా" అని అడిగి ఉండేవాణ్ణి. నన్ను అడిగేవాళ్లు లేరు.

ఒకరోజు చాయ్ తెప్పించాను. అన్న గ్లాసు తీసుకుని మళ్లీ గడప మీదికి పోయాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఏందన్నా, నా పక్కన కూసుంటె నీకు మైలయితదా?" అనేశాను.

ముప్ఫై ఏళ్లలో ఆ మాట మా మధ్య ఎన్నడూ రాలేదు. లోకంలో ఎవరెన్ని అనుకున్నా మా బల్ల దాకా రానివ్వలేదు. అన్నది నేనే. ఆయన ముఖం చిన్నబోయింది. "గట్లంటవా భాయ్" అని, సగం చాయ్ ఉన్న గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి రాలేదు. మధ్యలో ఒక్క గోడే, అవతల ఆయన దగ్గడం కూడా వినిపిస్తుంది. నెల రోజులు, రోజా లేని నాడల్లా పదకొండింటికి నేనొక్కణ్ణే చాయ్ తాగాను. ఆ నెలంత పొడుగు నెల నేను చూడలేదు.

కుట్టు అయ్యాక దారం పంటితో కొరికి తెంపడం నా అలవాటు. అలా కొరుకుతుంటే ముందు పన్ను కదిలింది. ఎవరిదో తెల్ల కుర్తా మీద రక్తం చుక్క పడింది. పన్ను పీకించుకుని వచ్చేద్దామని పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

డాక్టరమ్మ చిన్న వయసు అమ్మాయి. ముఖం పక్కకు తిప్పుకోకుండా నా నోట్లోకి వంగి చూసింది. దవడ కింద చెయ్యి పెట్టి తల అటూ ఇటూ తిప్పింది. మూడేళ్లలో నా ముఖాన్ని ఇంకో మనిషి ముట్టుకోవడం అదే మొదటిసారి. కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పి అనుకుని ఆమె సారీ చెప్పింది.

"అంకుల్, చిగుళ్లన్నీ వాచినయి, నాలుక మీద తెల్లగ పాచి కట్టింది, నోరంత డ్రై ఉంది. షుగర్ టెస్ట్ చేయించుకున్నరా ఎప్పుడన్న?"

"పంటి నొప్పికి షుగర్‌కు ఏం సంబంధమమ్మా?"

"ఒంట్లో ఏమున్నా చానాసార్లు నోట్లనే కనబడ్తది అంకుల్. రక్తం తక్కువుంటె నాలుక పాలిపోయి నున్నగైతది, కారం తగిలితె మండుతది."

చివరి ఏడాది నా భార్య కూరలో కారం తగ్గించేసింది. నాలుక మండుతోందని చెప్పింది కూడా. చప్పిడి కూర ఎవరు తింటారని కంచం ముందు కూర్చుని అరిచాను. ఆమె గుండె ఆగి పోయింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. నాలుక చూపించమని అడగలేదన్నది మాత్రం తెలుసు.

"నోరు ఇంత వాసనొస్తుంటె ఇంట్ల ఎవ్వరు చెప్పలేదా అంకుల్?" అంది డాక్టరమ్మ.

"చెప్పింది, మా ఇంటామె. నేనే ఇనలే" అన్నాను.

"అయితే ఈసారి ఆంటీని గూడ తీస్కరండి. తిండి సంగతి ఆమెకే చెప్త."

ఆమె లేదని చెప్పకుండా సరేనన్నాను. పరీక్షలో షుగర్ బాగా ఎక్కువగా ఉందని తేలింది. రిపోర్టు జేబులో పెట్టుకుని ఇంటికి పోబుద్ధి కాలేదు. నేరుగా అన్న దుకాణానికి వెళ్లి గడప దగ్గరే నిలబడ్డాను.

"అన్నా, నాకు షుగరంట. నోరు వాసనొస్తాందంట. నీకు ముందే తెల్సు గద?"

ఆయన తల ఎత్తకుండా గుండీలు ఏరుతూనే, "తెల్సు" అన్నాడు.

"మరి చెప్పొద్దా?"

"నీకు నేను ఎన్నడన్న ఏదన్న చెప్పిన్నా భాయ్? సప్పుడు చేస్తెనే మండిపడ్తవు. చెల్లెకు చెప్తుంటి, ఆమె నీకు చెప్తుండె."

బీడీలు మానమని, గిరాకీల మీద అరవొద్దని ఆమె ముప్ఫై ఏళ్లు పెట్టిన పోరులో సగం ఈయనదేనని నాకు అప్పుడే తెలిసింది.

"మొన్న రంజాన్ల గూడ, రైలుల వచ్చుకుంట, ఇయ్యాల చెల్లెకు చెప్పాలె అనుకున్న," అన్నాడు. "టేషన్ల దిగినంక యాదికొచ్చింది."

లోపలికి వెళ్లి ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ రోజు నేనన్న మాటకు మాఫీ అడిగాను. ఆయన గుండీలు పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని నోటి మీది నుంచి తీసేశాడు.

"సక్కగ చెప్పు," అన్నాడు. "ఇనవడ్తలేదు."