కాకి ముట్టిన కప్పు

ఛాయ్ తర్వాత తాగుండ్రి, ముందుగాల ఇది ఇనుండ్రి. మొన్న ఆదివారం చెస్ టోర్నమెంట్ల నన్ను ఓడగొట్టింది ఎవలనుకున్నరు? కాకి! ఒట్టు, నిజంగ కాకే!

కోరుట్లల ఒక సారు యాదిల ఏటా టోర్నమెంట్ పెడ్తరు గదా. గెలిచినోళ్ల పేరు పెద్ద స్టీల్ కప్పు మీద చెక్కిస్తరు. కప్పు ఏడాదంత వాళ్లింట్లనే ఉంటది. మల్లేడు తెచ్చి సారు ఫొటో ముందట పెట్టి దండం పెట్టాలె, అప్పుడే ఆట మొదలు. పోయినేడు గెలిచింది నేనే. సిరిసిల్ల నుంచి బస్సుల కప్పును ఒళ్లె పెట్టుకోని పోయిన.

ఈసారి హాల్ మార్చిండ్రు. ఆటో ఆయనకు "పోయిన సారు యాదిల ఫంక్షన్" అన్న. "నాకెరుకే అక్కా" అని ఒక ఫంక్షన్ హాల్ ముందట దింపిండు. గేటుకు ఫ్లెక్సీ. తెల్ల అంగి, కండ్లద్దాలు, చుట్టు పూలు. సారును నేను బతికుండంగ సూడలే. ఫ్లెక్సీల మీద సార్లందరు గట్లనే ఉంటరు గదా!

సీదా పోయి ఫొటో ముందట కప్పు పెట్టి దండం పెట్టిన. అందరు నన్నే సూస్తున్నరు. పోయినేటి విన్నర్‌ను, సూడరా మరి! గంతల ఒకాయన అచ్చి కప్పు నిండ కల్లు పోసిండు. నాకు సమజే గాలే. ఓపెనింగ్ గిట్ల మార్చిండ్రా? బోర్డులేవి?

పక్కన ఒక అవ్వ కప్పు మీది పేర్లు కొడుకుతోని చదివిచ్చింది. "వీళ్లంత ఎవలు బిడ్డా?"

"నాకంటె ముందటోళ్లు అవ్వా."

"అయ్యో, గింతమందా! గా సలీం పేరు రెండుసార్లు ఉన్నదేంది?"

"ఆయన రెండుసార్లు అవ్వా. నేను ఒక్కసారే. ఆఖరిది నా పేరే, పద్మ."

అవ్వ గుండె పట్టుకున్నది. "బతికుండంగనే చెక్కిచ్చిండ్రా? ఎవలు బిడ్డా గా పాపాత్ములు?"

గెలిస్తె చెక్కియ్యరా? ఈమెకేమైంది? ఇంతల ఇస్తారి నిండ మటన్, గారెలు, పక్కన నా కప్పు, అన్ని డాబా మీదికి తీస్కపోయిండ్రు. నేను ఎంబడే ఉరికిన. "మొదలెప్పుడన్నా?" అంటె "కాకి ముట్టినంక" అన్నడు అవ్వ కొడుకు. గప్పుడే ఫోన్ మోగింది.

"ఒక్క నిమిషం అవ్వా, సలీం భాయ్ చేస్తుండు."

అవ్వ రెండడుగులు ఎనుకకు జరిగింది.

ఈసారి టోర్నమెంట్ సూస్కునేది సలీం భాయే. "పద్మక్కా, ఏడున్నవ్? కప్పు కోసం సూసి సూసి, ఆఖరికి నీ గడియారం చాలు చేసిండ్రు. అరగంటల రాకపోతె పాయింట్ ఎదుటామెకే!"

"సారు ఫొటో కాడనే ఉన్న గదా!"

"ఫొటో కాడ నేనున్న!"

గప్పుడు ఎలిగింది. నేనచ్చింది ఎవలిదో సంవత్సరీకానికి! కప్పు మీద చెయ్యేసిన. అవ్వ నా చెయ్యి పట్టుకున్నది. "కాకి ముట్టందే తీయద్దు బిడ్డా, మా ఆయన ఆత్మ ఆగమైతది."

కాకి పిట్టగోడ మీదనే ఉన్నది. సూస్తది, దిగది. కొడుకులు "మంచిగ కలిసుంటం బాపూ" అన్నరు. దిగలే. కోడండ్లు మొక్కిండ్రు. దిగలే. నాకు ఏడుపస్తున్నది. "నువ్వు గూడ ఏదన్న మాటియ్యి బిడ్డా" అన్నది అవ్వ.

కండ్లు మూసుకున్న. "సారూ, మీరెవలో నాకు తెల్వది. నా కప్పు నాకిప్పియ్యుండ్రి, జన్మల మల్ల చెస్ ఆడ."

టపుక్కున దిగింది! ఇస్తారి దిక్కు గూడ సూడకుంట సక్కగ కప్పులనే ముక్కు పెట్టింది. నేను ఆడుడు గాయనకు గూడ ఇష్టం లేదన్నట్టు.

కల్లు పారబోసి ఉరికిన. ఏం లాభం? పాయింట్ ఎదుటామెకు ఇచ్చేసిండ్రు. ఒట్టు మాత్రం తప్పలే, ఆడకుంటనే ఓడిపోయిన.

సలీం భాయ్ కప్పు వాసన సూసి "గెలిచిన సంబురం ఇంక దిగలేదా అక్కా?" అన్నడు. మల్ల పాపమనిపిచ్చి, "ఫికర్ జేయకు. వచ్చేడు గెలుద్దువు, ఇంకోసారి నీ పేరు చెక్కిస్తం" అన్నడు.

"వద్దు భాయ్" అన్న. "నీ లెక్క రెండుసార్లు పోవుడు నాతోని గాదు!"