పోలరాజు వదిలిన సందులు

గోల్‌మురి అనే ఉక్కు కార్మికుల పేటలో కస్తూరమ్మ ఇంటిని అందరూ బీటల ఇల్లు అంటారు. ఆ మాట ఆవిడ చెవిన పడిందా, అన్నవాడికి ఆ పూట ఆవిడ అమ్మే ఇడ్లీ దొరకదు. రోజూ అక్కడే తినే నాకూ దొరకని రోజులున్నాయి.

అవి బీటలు కావు మరి. ఇల్లు కట్టిన పోలరాజు, అంటే ఆవిడ మావగారు, ప్రతి గోడలోనూ చేజేతులా వదిలిన సందులు. పైనుంచి కిందదాకా, వేలు పట్టేంత వెడల్పు. ఆయన ఇనుము కరిగించే ఫర్నేసుల లోపల ఇటుక పేర్చే మేస్త్రీ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆ పనిలోనే ముసలివాడయ్యాడు. ఫర్నేసులోంచి తీసి పారేసిన లేతపసుపు ఇటుకలు ఏరి తెచ్చుకుని, ఫర్నేసు కట్టినట్టే ఇల్లూ కట్టాడు. ఇటుకకీ ఇటుకకీ మధ్య కాగితం దూరదు. గుమ్మాల మీద దూలాల్లేవు, ఇటుకతోనే కమాన్లు కట్టాడు. ఆ గోడలు ఈనాటికీ ప్లాస్టరింగు ఎరగవు. ఇంత పనితనం చూపించి, వేడికి ఇటుక ఉబ్బుతుందని ఫర్నేసులో వదిలే సందుల్ని తెచ్చి ఇంటి గోడల్లోనూ వదిలాడు మహానుభావుడు! జనవరి వచ్చిందంటే చలిగాలంతా అందులోంచే. కస్తూరమ్మ ఏటా గుడ్డపేలికలు కుక్కుతుంది, ఎండలు ముదరగానే పీకేస్తుంది. సిమెంటు మాత్రం పెట్టనివ్వదు. ముసలాయనకి పని పిచ్చి తలకెక్కిందని మేం నవ్వుకునేవాళ్లం.

పోయిన ఏడాది రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి ఆవిడ ముందుగోడ మీద ఎర్రగీత గీశారు. ఆ గోడ పడితే వసారా పోతుంది, ఇడ్లీ పొయ్యి పోతుంది, వెనక ఇల్లూ నిలవదు. మిగిలింది ఒకటే దారి. పాత కట్టడాలు పరిశీలించే బృందం ఇది కాపాడదగ్గ ఇల్లని రాసిస్తే, రోడ్డు ఎదురుగా ఉన్న ఖాళీ స్థలం వైపు జరుగుతుంది.

ఆ బృందం తరఫున పద్మశ్రీ అనే ఆవిడ వస్తోందని తెలియగానే కస్తూరమ్మ కొడుకు రాజ్‌కిరణ్ తల్లికి పాఠం మొదలెట్టాడు.

"మా, బస్ ఇత్‌నా బోల్‌నా. హవా కే లియే బనాయా థా."

గాలి కోసం తాత కనిపెట్టిన ఉపాయమని చెప్పాలన్నమాట. అబద్ధమైతేనేం, ఇల్లు దక్కుతుంది కదా అని నేనూ వంత పాడాను.

"ఆ పేలికలేవో మీ ఇద్దరి నోళ్లలో కుక్కాల," అంది కస్తూరమ్మ.

పద్మశ్రీ ఈ ఊళ్లోనే, సిద్ధగోరాలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయే. కమాన్లు చూసి మురిసిపోయింది. ఫర్నేసు మేస్త్రీల పనితనం ఇంటి గోడల్లో ఇలా నిలిచి ఉండటం తనెక్కడా చూడలేదంది. సందు దగ్గరికొచ్చి ఆగింది.

"ఇవి గాలి కోసమే కదా పెద్దమ్మా? ఎంత తెలివి!"

రాజ్‌కిరణ్ మొహం వెలిగిపోయింది. తల్లి ఊ అంటే చాలు.

"కాదు తల్లీ," అంది కస్తూరమ్మ. "మా మావ, ఆయన జతగాడు అప్పలసూరి ఒకే రైల్లో ఈ ఊరొచ్చినారు. అప్పట్లో ఓ చిన్న కార్ఖానా ఉండీది, ఇప్పుడు నేదు. అందులో ఇద్దరూ ఫర్నేసు కప్పు కట్టినారు. మావ తన వరసలో సందు ఒదలడం మర్సిపోనాడు. నిప్పు రాజేసినాక కప్పు ఉబ్బి కూలిపోనాది. కిందన అప్పలసూరి ఉన్నాడు."

చెప్తూనే సందులోని దుమ్ము కొంగుతో తుడిచింది.

"ఆ తరవాత మావ సెయ్యి సందు ఒదలకండా గోడ కట్టనేదు. దొడ్డిగోడైనా అంతే. అందరూ నవ్వినారు. నవ్వనీ అన్నాడు."

"మా!" అని అరిచాడు రాజ్‌కిరణ్. తాత పొరపాటుకి ఓ మనిషి బలయ్యాడని అతను వినడం కూడా అదే మొదటిసారి. "యే సబ్ బోల్‌నే కీ క్యా జరూరత్ థీ?" ఇదంతా చెప్పాల్సిన అవసరమేంటని.

"ఏటిరా జరూరత్? ఉన్నమాట సెప్తే నిలబడని ఇల్లు మనకెందుకు? రోడ్డేసుకోనీ."

అంత ధీమాగా అనేసి సాంబారు కలపడానికి వెళ్లిపోయింది. అన్నేళ్లూ ఆ గోడల్ని చూసి నవ్వినందుకు నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. పద్మశ్రీ సందులో వేలు పెట్టి కిందదాకా జరిపింది. తర్వాత లోపలికెళ్లి అప్పలసూరిది ఏ ఊరని అడిగింది.

ఇది కాపాడదగ్గ ఇల్లేనని పద్మశ్రీ రాసిచ్చింది, రోడ్డు పక్కకి జరిగింది. కొన్నాళ్లకి పద్మశ్రీ వాళ్లు గుమ్మం పక్కన పెట్టడానికి పోలరాజు పేరు చెక్కిన రాయి తెచ్చారు. కస్తూరమ్మ తిప్పి పంపేసింది.

"మావ పేరొక్కటే ఎడితే, ఈ గుమ్మంలో ఆయనే నిలబడడు," అంది.

కొత్త రాయి చెక్కించే పని రాజ్‌కిరణ్ మీద పడింది. తల్లితో మాట్లాడకుండానే సాక్చీ బజారులో రాళ్లు చెక్కేవాడి దగ్గరికి వెళ్లొచ్చాడు. ఇప్పుడా రాయి మీద ముందు అప్పలసూరి పేరుంటుంది, ఈ ఇంటి గడప ఎన్నడూ తొక్కని మనిషి పేరు. పోలరాజు పేరు దాని కింద, కాస్త చిన్న అక్షరాల్లో. చిన్నగా చెక్కమని అడిగింది రాజ్‌కిరణే.